తుర్కయంజాల్ పందులు, మా ఊరి మొక్కజొన్న

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ ఊళ్ళో అందరూ చార్మినార్ ఎలా ఉందని అడుగుతున్నారు. నేను చార్మినార్ చూడలేదు. హుస్సేన్‌సాగర్ కూడా చూడలేదు. ఆ మహానగరానికి తూర్పు చివర రెండు మూడు పేటలు, ఒక పందుల షెడ్డు, ఒక కుక్కల ఆసుపత్రి చూశాను. నా యాత్ర అంతే. చూసినంత మేరకు చెబుతాను.

వెళ్ళింది మా తమ్ముడు శ్రీను కబురు చేస్తే. చింతలపూడి దగ్గర మా ఊరు వదిలి వాడు చాలా ఏళ్ళ కిందటే వెళ్ళిపోయాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకుంటూ, నాగార్జునసాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ శివార్లలో సీమపందులు పెంచుతున్నాడు. భాగస్వామి యాదయ్యది మునుగోడు వైపు ఒక పల్లె. స్థలం వెతికిందీ, షెడ్డు కట్టిందీ, పందుల్ని మేపేదీ యాదయ్య. మేత తెప్పించేదీ, పందుల్ని అమ్మేదీ శ్రీను. కొన్ని నెలలుగా పందులకి చూలు నిలవడం లేదు. నిలిచినవి ఈసుకుపోతున్నాయి, అంటే నెలలు నిండకుండానే పిల్లల్ని పడేస్తున్నాయి.

"యాదయ్యే ఏదో చేస్తున్నాడక్కా. నువ్వొచ్చి పెద్దదానిలా కూర్చుని మమ్మల్ని విడదియ్యి" అన్నాడు ఫోన్లో. గేదెల్ని మేపుకుంటూ బతికేదాన్ని కాబట్టి పశువుల సంగతి నాకు తెలుస్తుందని వాడి నమ్మకం.

సూర్యాపేట దాటాక

తెలంగాణ కోసం సమ్మె జరుగుతున్న రోజులవి. ఆర్టీసీ బస్సులు లేవు. ఖమ్మం దాకా ఒక జీపులో, అక్కణ్ణించి ప్రైవేటు బస్సులో వెళ్ళాను. సూర్యాపేట దాటాక రోడ్డుకి అడ్డంగా పొయ్యిలు కనిపించాయి. రాళ్ళు పేర్చి, పెద్ద పెద్ద గిన్నెలు ఎక్కించి, నడిరోడ్డు మీద వంట చేస్తున్నారు. వంటావార్పు అంటారట. వంట అయ్యి, అందరూ తినేదాకా బండి కదలదు.

బస్సులో కూర్చుంటే ఉక్కపోస్తోందని దిగాను. అన్నం వార్చుతున్న ఒకావిడ నా చేతిసంచీ చూసి పలకరించింది.

"ఏడికెళ్ళి ఒస్తున్నవక్కా?"

చెప్పాలా వద్దా అని ఒక క్షణం ఆలోచించి, "చింతలపూడి దగ్గర్నించండీ" అన్నాను.

"ఆంధ్రనా? కూసో, కూసో. పప్పు అయిపోతది మళ్ల."

మోదుగాకు విస్తరిలో అన్నం, పప్పు, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు పులుసంటే పొయ్యి మీద మరగాల్సిందే. వీళ్ళు చింతపండు పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నలిపి అలాగే పోసేస్తారు. మొదటి ముద్దకి పళ్ళు పులిశాయి. రెండోసారి అడిగి పోయించుకున్నాను. మా వెనకాల మైకులో ఒకాయన ఆంధ్రావాళ్ళని తిడుతూనే ఉన్నాడు. ఆవిడ అటు చూసి, "ఆయన గట్లనే అంటడు, నువ్వు తిను" అంది.

ఆ ప్రయాణం మొత్తం మీద నేను మనశ్శాంతిగా తిన్న అన్నం అదొక్కటే.

దిల్‌సుఖ్‌నగర్

దిల్‌సుఖ్‌నగర్‌లో ఎటు చూసినా బోర్డులే. కోచింగ్ సెంటర్లు, ఆడపిల్లల హాస్టళ్ళు, బట్టల కొట్లు, మళ్ళీ కోచింగ్ సెంటర్లు. సమ్మె వల్ల సగం షట్టర్లు దించి ఉన్నా, ఫుట్‌పాత్ మీద మాత్రం బేరాలు ఆగలేదు. చౌరస్తా పక్కన టెంటు వేసుకుని, మెడలో దండలతో ఉద్యోగులు రిలే దీక్షలో కూర్చున్నారు. గుక్కెడు టీ ఐదు రూపాయలు. మా ఊళ్ళో అదే డబ్బుకి గ్లాసు నిండా ఇస్తారు.

శ్రీను వాళ్ళుండేది రెండో అంతస్తు. మెట్లెక్కుతుంటే మా మరదలు రాజ్యం ఎదురొచ్చి చెవిలో చెప్పింది.

"ఇంటివాళ్ళు అడిగితే కోళ్ళఫారం అని చెప్పొదినా. పందులని తెలిస్తే ఖాళీ చేయమంటారు."

శ్రీను టీవీ ముందున్నాడు. నన్ను చూసి లేచాడు గానీ వాడి చూపు తెర మీదే ఉంది. ఎక్కడో రాళ్ళు పడ్డాయి, ఎవరి కారో తగలబడింది, అవే బొమ్మలు మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు. వాళ్ళ వీధిలో ఎవరూ వీళ్ళని ఒక్క మాట అనలేదట. అయినా రాజ్యం బజారుకి వెళ్తే నోరు విప్పదట, మాట వింటే ఎక్కడివాళ్ళో తెలిసిపోతుందని.

"యాదయ్య కూడా టెంటు దగ్గర కూర్చుంటున్నాడక్కా" అన్నాడు శ్రీను. "నినాదాలిస్తున్నాడు. మనం వెళ్ళిపోతే షెడ్డు వాడిదే కదా."

"షెడ్డు కోసం పందుల్ని పాడుచేసుకుంటాడట్రా?"

వాడు మళ్ళీ టీవీ వైపు తిరిగాడు. రాజ్యం మాత్రం, "మీకు ఇక్కడి సంగతులు తెలియవొదినా" అంది.

తుర్కయంజాల్

మర్నాడు ఎల్‌బీ నగర్ మీదుగా ఏడుగురు పట్టే ఆటోలో పన్నెండు మందిమి ఇరుక్కుని వెళ్ళాం. తుర్కయంజాల్ దగ్గర ఊరు అయిపోయినట్టే ఉండి మళ్ళీ మొదలవుతుంది. పొలాల్లో ప్లాట్ల రాళ్ళు, రాళ్ళ మధ్య మేకలు.

యాదయ్య గేటు దగ్గరే ఉన్నాడు. ఎండకి ఎండిన మనిషి. నన్ను చూడగానే నీళ్ళు తెచ్చిచ్చి, "మంచిగున్నవా అక్కా" అన్నాడు. అంతకు ముందు ఫోన్లో తప్ప మేము మాట్లాడుకున్నది లేదు.

షెడ్డులో నేను చూసింది ఉన్నదున్నట్టు చెబుతాను. ఇంకా చూలు ఎరగని పడుచు పందులకి మానం వాచి, ఎర్రగా ఉబ్బి ఉంది. ఎదకొచ్చిన పశువుకి ఉండేలాగే. కానీ ఎద ఒకటి రెండు రోజుల్లో పోవాలి, వీటికి వారాల తరబడి పోవడం లేదు. పొదుగులు కూడా చేపుకొచ్చినట్టున్నాయి. పోతుని దగ్గరికి వదిలితే అది వాసన చూసి పక్కకి వెళ్ళిపోతోందట. పెద్ద పందుల్లో ఒకదానికి లోపలి భాగం బయటికి జారి పుండు పడింది. ఇంకొకటి కిందటి వారమే చచ్చిన పిల్లల్ని వేసిందట. బతికిన ఒక్క ఆడపిల్లకి పుట్టుకతోనే వాపు.

"గిట్ల నేనెన్నడు సూడలే అక్కా" అన్నాడు యాదయ్య. "రోజు గోరెచ్చటి నీళ్ళతోని కడుగుతున్న. పసురు పోసిన. సూదులేసిన."

శ్రీను అందుకున్నాడు. "ఏం సూదులు? ఎవర్నడిగి వేశావు?" అంటూ షెడ్డు మూలకి వెళ్ళి, ఖాళీ మందు సీసాలు చేతినిండా తెచ్చి నా ముందు పోశాడు. "చూడక్కా. ఇవేసే పందుల్ని గొడ్రాళ్ళని చేశాడు."

"గవి బలానికిచ్చే తాకత్ మందులు శీను. నీకు చెప్పే ఏసిన."

గొంతులు పెరిగాయి. గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గరి జనం లేచి వచ్చారు. అందరూ ఆ ఊరివాళ్ళే. యాదయ్యని రోజూ చూసేవాళ్ళే. వాళ్ళ ముందు మా తమ్ముడు అతన్ని విషం పెట్టేవాడన్నాడు. అన్నం పెట్టిన చెయ్యి నరికేవాడన్నాడు. "ఆగరా, ముందు డాక్టరుకి చూపిద్దాం" అని చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు.

యాదయ్య తిరిగి తిట్టలేదు. మొలతాడుకున్న తాళంచెవి తీసి గేటు పక్కన రాయి మీద పెట్టాడు. "మక్కలు తడిసి ఒచ్చినయి, అవి పెట్టొద్దని రెండు మాట్ల చెప్పిన. ఇనలే" అని నాతో అని నడిచి వెళ్ళిపోయాడు. మక్కలంటే మనం అనే మొక్కజొన్నే.

అతను వెళ్ళాక గోదాం తలుపు తీయించాను. తీయగానే ముక్కుకి పట్టే వాసన. వానలో తడిసిన ఇంట్లో గోడల దగ్గర వచ్చే వాసనే. బస్తా విప్పితే గింజల మీద అక్కడక్కడా తెల్లటి బూజు, కొన్ని గింజలు గులాబి రంగుకి తిరిగి ఉన్నాయి. ఆ బస్తాలు మా ఊరివే. శ్రీను మామగారు, అంటే రాజ్యం నాన్న, అల్లుడి కోసమని పంపినవి. కోతప్పుడు వాన పడితే పట్టా కప్పి ఉంచిన పంటని తక్కువ ధరకి అమ్ముకోవడం ఇష్టంలేక ఇటు లారీ ఎక్కించారు.

"ఎండబెట్టాం కదక్కా. బూజు దులిపే పెడుతున్నాం" అన్నాడు శ్రీను.

గుప్పెడు కాకుండా, బస్తాలో పైనా మధ్యా అడుగునా తీసి ఒక సంచీ నిండా పట్టుకొచ్చాను.

కుక్కల ఆసుపత్రి

సర్కారు పశువుల దవాఖాన సమ్మె వల్ల మూసి ఉంది. రాజ్యం వాళ్ళ పక్కింటావిడ చెబితే దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చూసేవన్నీ పెంపుడు కుక్కలే. మా ఊళ్ళో కుక్కకి జ్వరం వస్తే అరుగు కింద పడుకుంటుంది, తగ్గితే లేస్తుంది. ఇక్కడ ఒడిలో పెట్టుకుని వరుసలో కూర్చున్నారు. నా ఒళ్ళో మొక్కజొన్న సంచీ చూసి ఒకతను జరిగి కూర్చున్నాడు.

డాక్టరమ్మ నలభై ఏళ్ళ మనిషి, వరంగల్ వైపు ఆవిడ. చెప్పిందంతా ఓపిగ్గా విని, సీసాల పేర్లు చదివింది. అవి విటమిన్ మందులేనని తేల్చింది. తర్వాత ఒక ప్రశ్న వేసింది.

"అన్ని పందులూ ఇదే మేత తింటున్నాయా?"

అప్పుడు గుర్తొచ్చింది. గేటు దగ్గర ఒక కుంటి పంది విడిగా ఉంది. దానికి యాదయ్య హోటళ్ళ ఎంగిలి కూడు తెచ్చి పెడుతున్నాడు. దాని పిల్లలు నున్నగా, గుండ్రంగా, తల్లి కింద కుమ్ములాడుకుంటున్నాయి. ఆ మాట చెప్పగానే డాక్టరమ్మ తలాడించింది.

"ఈ బూజుల్లో ఒక రకం ఉంటదమ్మా. అది గింజలో ఒక విషాన్ని తయారుచేస్తది. ఒంట్లోకి పోయినంక అది అచ్చం ఆడ హార్మోన్ లెక్క పనిచేస్తది. పశువు ఎదకి రాలేదు, కానీ ఒళ్ళు ఎదకొచ్చిన అనుకుంటది. చూలు లేదు, పొదుగు చూలు ఉన్నదనుకుంటది. ఇగ అసలు చూలు ఎట్ల నిలుస్తది? పందులకే ఇది ఎక్కువ. కోళ్ళు చాలావరకు తట్టుకుంటయి. బర్రెలకి కొంచెం తక్కువ."

"ఎండబెట్టి, బూజు దులిపితే పోదా అండీ?"

"బూజు పోతది. అది వదిలిన విషం పోదు. ఉడకబెట్టినా చాలావరకు ఉంటది."

కోళ్ళ దాణా తయారుచేసేవాళ్ళ దగ్గర పరీక్ష చేసే సౌకర్యం ఉందనీ, తెలిసినవాళ్ళ ద్వారా పంపిస్తాననీ చెప్పింది. ఫలితం వచ్చేదాకా ఆ మేత ఆపమంది. "పడుచువి కోలుకుంటయి. మేత మారిస్తే కొన్ని వారాల్లో వాపు తగ్గి మామూలైతయి. పెద్దవాటిల్లో కూడా కొన్ని దారికొస్తయి. తొందరపడి దేన్నీ అమ్ముకోకండి."

ఫీజు తీసుకోలేదు. పంది కేసు చూసి చాలా రోజులైందని నవ్వింది.

గడ్డిఅన్నారం, ఎల్‌బీ నగర్

శ్రీను మేత మార్చాడు గానీ, ఫలితం వచ్చేదాకా ఆగలేదు. చూలు పోయిన పెద్ద పందుల్ని మాంసానికి తోలేశాడు. డాక్టరు మాట చెబితే, "సమ్మె ఎన్నాళ్ళుంటుందో, మేముంటామో లేదో" అన్నాడు. వాడికి భయం పట్టుకుంది. భయపడ్డవాడికి ఎదుటివాడి మీద కోపం తెచ్చుకోవడం తేలిక.

ఇంట్లో ఉండబుద్ధి కాక యాదయ్య ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరాను. దారిలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు. బత్తాయిల కాలం. లారీల మీంచి కుప్పలుగా దింపుతున్నారు. పాట పెట్టేవాడు అరుస్తుంటే, వేళ్ళతో ధర చెప్పుకునే పని గుడ్డ కింద జరుగుతోంది. మా వైపు మామిడి సంతల్లోనూ అంతే. బత్తాయిలు నల్గొండవట. డజను కొని, యాదయ్య ఇంటికి తీసుకెళ్ళాను.

ఎల్‌బీ నగర్ చౌరస్తా వెనక సన్నటి గల్లీలో ఒక గది కిరాయికి ఉంటున్నారు. గల్లీ మొదట్లో ఆడవాళ్ళు తంగేడు పూలు, గునుగు పూలు తాంబాలంలో వరసలుగా పేర్చి బతుకమ్మ చేస్తున్నారు. మా వైపు పువ్వుని దేవుడికి పెడతాం. ఇక్కడ పువ్వుల్నే దేవతగా పేర్చి చుట్టూ ఆడతారు. వాళ్ళలో యాదయ్య భార్య అండాలమ్మ కూడా ఉంది. నేనెవరో చెప్పగానే ఆమె చేతిలోని పువ్వు ఆగిపోయింది. నీళ్ళిచ్చింది. కూర్చోమనలేదు.

"ఊళ్లె అందరికి ఎరుకైంది" అంది. "పందులకు ఇషం పెట్టిండంట అంటున్రు. ఇంకో షెడ్డాయన పనికి రమ్మన్నోడు, ఒద్దు తియ్ అన్నడు. మేమేం జేసినమని?"

యాదయ్య గదిలోంచి వచ్చి భార్యని ఊరుకోమన్నాడు. మొక్కజొన్నని పరీక్షకి పంపాననీ, ఫలితం రాగానే చెబుతాననీ అన్నాను. అతను బత్తాయిల సంచీని గడప పక్కనే ఉంచేశాడు. నేను వెళ్ళేటప్పుడు కూడా అది అక్కడే ఉంది.

ఫలితం వచ్చిన రోజు

డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఆవిడ అనుకున్నదే. మొక్కజొన్నలో ఆ విషం ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువగా ఉంది.

శ్రీను విని మంచం మీద కూలబడ్డాడు. కాసేపు జాలేసింది. యాదయ్యని పిలిచి ఒక్క మాట చెప్పమన్నాను. ముందు రాజ్యం ఏడుపు మొదలుపెట్టింది.

"మా నాన్న పేరు బయటికి తేవద్దొదినా. ప్రేమతో పంపారు. ఊళ్ళో తలెత్తుకోలేరు."

"మీ నాన్న తల సంగతి సరే. యాదయ్య తల?"

"ఇప్పుడు వాణ్ణి పిలిచి తప్పైందంటే ఈ ఊళ్ళో నన్నెవరు లెక్కచేస్తారక్కా?" అన్నాడు శ్రీను. "అసలే మనమంటే పడటంలేదు. ఇది దొరికితే వదులుతారా?"

ఆ సాయంత్రం తుర్కయంజాల్ వెళ్ళి చూస్తే గోదాం ఖాళీగా ఉంది. ఊడ్చి కూడా పెట్టారు. మొక్కజొన్న మొత్తం పాడిగేదెల దాణా అమ్మే వ్యాపారికి ఇచ్చేశాడట. నేను నోరు తెరిచేలోపే, "గేదెలకి తక్కువని డాక్టరే కదా చెప్పింది" అన్నాడు.

"తక్కువంది. ఏమీ కాదనలేదురా."

"నేనొక్కణ్ణే మోయాలా అక్కా ఈ నష్టం?"

ఆ వ్యాపారి కొట్టు కర్మన్‌ఘాట్ వైపని తెలుసుకుని మర్నాడు వెళ్ళాను. అతను మర్యాదగానే మాట్లాడాడు. "తవుడు, చెక్క కలిపి మర పట్టిచ్చినం అమ్మా. పొద్దుగాలనే పాలోళ్ళు కొనుకపోయిన్రు" అన్నాడు. ఏ పాలవాళ్ళంటే ఎవరని చెబుతానన్నాడు. ఎవరి గేదె చూలు నిలవక ఎవరి మీద అనుమానపడతారో అనుకుంటూ వెనక్కి తిరిగాను.

టీ కొట్టు ముందు

యాదయ్యకి విషయం చెప్పాను. అతను సంతోషపడలేదు. ఒకటే అడిగాడు.

"గా ముచ్చట గా టీ కొట్టు కాడ చెప్తవా అక్కా? ఆడ నలుగురి ముంగట అన్నడు గద. ఆడనే చెప్పాలె."

వెళ్ళాం. పొద్దున్న పూట, కొట్టు దగ్గర జనం ఉన్న వేళ. నేను శ్రీను అక్కనని చెప్పుకున్నాను. పందులకి విషం పెట్టింది యాదయ్య కాదనీ, బూజు పట్టిన మొక్కజొన్న అనీ, అది మా ఊరి నుంచి మా బంధువులే పంపారనీ, వద్దని యాదయ్య చెప్పినా మా తమ్ముడు వినలేదనీ చెప్పాను. నా యాస విని ఇద్దరు కుర్రాళ్ళు మొదట నవ్వారు. తర్వాత నవ్వలేదు.

ఒక ముసలాయన బీడీ ఆర్పి, "మరి నీ తమ్ముడేడమ్మా? ఆయన నోటితోని అన్నడు, ఆయనే చెప్పాలె గద" అన్నాడు.

అందరూ యాదయ్య వైపు చూశారు. కొట్టాయన అతనికి టీ పోసిచ్చాడు. యాదయ్య తాగి, గ్లాసు తనే కడిగి పెట్టాడు.

మధ్యాహ్నానికి ఈ మాట శ్రీనుకి చేరింది. "తోడబుట్టినదానివై మా పరువు వాళ్ళ కాళ్ళ దగ్గర పెట్టావు" అన్నాడు. రాజ్యం అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. మర్నాడు తెల్లారగట్లే, నేను చూస్తుండగానే, వాడు వ్యాను పిలిపించి షెడ్డులో మిగిలిన పందులన్నిటినీ మాంసానికి ఎక్కించేశాడు. మేత మారిన తర్వాత పడుచు పందుల వాపు అప్పుడప్పుడే తీస్తోంది. కుంటి పందినీ, దాని పిల్లల్నీ కూడా వదల్లేదు. గేటుకి తాళం వేసి, గేటు మీద 'అమ్మబడును' అని రాయించాడు.

తిరుగు ప్రయాణం

ఆ రోజే బయల్దేరాను. శ్రీను బస్సు దాకా రాలేదు. యాదయ్య వచ్చాడు. ఎల్‌బీ నగర్‌లో విజయవాడ వైపు వెళ్ళే ప్రైవేటు బస్సులు ఆగే చోట నా సంచీ పట్టుకుని నిలబడ్డాడు. అండాలమ్మ ఎలా ఉందని అడిగితే, "ఆమె కోపం ఇప్పట్ల పోదక్కా" అన్నాడు. గడ్డిఅన్నారం మార్కెట్టులో మోత పని దొరికిందట. పందుల జోలికి ఇక పోనన్నాడు. మునుగోడుకి వెళ్ళిపోతారా అంటే, అక్కడ నీళ్ళేవీ అని అడిగాడు.

సూర్యాపేట మీదుగా ఖమ్మం వెళ్ళే బస్సు వచ్చింది. సంచీ లోపల పెట్టి, కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అక్కా, గా పడుచువి ఎట్లున్నయి? వాపు గిట్ల తీసిందా?"

తెల్లారగట్ల వ్యానులోకి తోసేటప్పుడు అవి అరిచిన అరుపులు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి.

"తీసింది యాదయ్యా. బాగున్నాయి" అన్నాను.

"గోరెచ్చటి నీళ్ళతోని ఇంకో వారం కడగమను శీనును. నేను చెప్పిన అనకు, ఇనడు" అన్నాడు.

అలాగే చెబుతానన్నాను. బస్సు కదిలింది.